ఎంఎస్-102లో 640 దగ్గర ఆగిపోతే: రెండోసారి రాయబోయేవారికి పది వారాల దారి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో సర్వీస్ డెస్క్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నారు. పాస్‌వర్డ్ రీసెట్లు, లైసెన్సులు, షేర్డ్ మెయిల్‌బాక్సులు రోజూ చేసే పనే. వీడియో కోర్సు రెండుసార్లు పూర్తిగా చూసి, మైక్రోసాఫ్ట్ 365 అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఎంఎస్-102 రాస్తే 640 వచ్చింది. పాస్ కావాలంటే 700 రావాలి. ఉద్యోగం చేసుకుంటూనే పది వారాల్లో మళ్లీ రాయాలనుకుంటున్నారు, ఈసారి ఏం మార్చుకోవాలని అడిగారు.

640 వచ్చిందంటే విషయం తెలుసనే లెక్క. ఏ బటన్ ఎక్కడుందో ఈ పరీక్ష పెద్దగా అడగదు. ప్రశ్న ఏ రూపంలో ఉన్నా, తిప్పితిప్పి అడిగేవి నాలుగు సంగతులు. ఈ పనికి సరిపోయే అతి చిన్న రోల్ (అడ్మిన్‌కు ఇచ్చే అధికారాల మూట) ఏది? ఈ ఫీచర్ ఏ లైసెన్సుతో వస్తుంది? రెండు పాలసీలు ఒకరి మీదే పడితే ఏది నెగ్గుతుంది? ఏ పని ముందు, ఏది తర్వాత? వీడియోలు చూస్తే స్క్రీన్లు గుర్తుంటాయి గానీ ఈ నాలుగూ ఒంటబట్టవు. సొంతంగా ఒక టెనెంట్ (ఒక సంస్థకు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉండే సొంత చోటు) కట్టి, కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచేస్తేనే వస్తాయి.

ముందు మీ స్కోర్ రిపోర్ట్ మళ్లీ తీసి చూడండి. అందులో విభాగాలవారీగా అడ్డగీతలు ఉంటాయి. టెనెంట్ నిర్వహణ, ఎంట్రా ఐడెంటిటీ (యూజర్లు, లాగిన్లు), డిఫెండర్ (దాడుల నుంచి రక్షణ), ప్యూర్‌వ్యూ (డేటా భద్రత, నిల్వ నియమాలు) అని నాలుగు విభాగాలు. ప్యూర్‌వ్యూ వాటా అన్నిటికంటే తక్కువ, మిగతా మూడూ పెద్దవే. సర్వీస్ డెస్క్ నుంచి వచ్చినవారికి సాధారణంగా టెనెంట్ గీత పొడుగ్గా, డిఫెండర్ గీత పొట్టిగా ఉంటుంది. మీదీ అలాగే ఉంటే టెనెంట్ మీద మళ్లీ వారాలు పెట్టకండి. ఇంకొకటి, 700 అంటే నూటికి డెబ్బై సరైన జవాబులని కాదు. అది సర్దుబాటు చేసిన స్కోరు, కాబట్టి ఇంకో ఆరు ప్రశ్నలు చేస్తే చాలన్న లెక్కలు వేసుకోవద్దు.

మొదటి మూడు వారాలు క్లౌడ్ జోలికి వెళ్లకండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. విండోస్ ప్రో అయితే హైపర్-వీ, హోమ్ అయితే వర్చువల్‌బాక్స్ వేసి, విండోస్ సర్వర్ 2022 ఎవాల్యుయేషన్ దించుకోండి. అది 180 రోజులు పనిచేస్తుంది. రెండు మెషీన్లు కట్టండి, ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్, 60 జీబీ డిస్క్. ఒకటి డొమైన్ కంట్రోలర్ (ఆఫీస్ లోపలి యూజర్ల జాబితా, అంటే యాక్టివ్ డైరెక్టరీ, ఉండే సర్వర్), రెండోది ఎంట్రా కనెక్ట్ (ఆ జాబితాను క్లౌడ్‌కు సింక్ చేసే సాధనం) కోసం. డొమైన్‌కి కావాలనే "డాట్ లోకల్" పేరు పెట్టండి. ముప్పై మంది యూజర్లను చేసి, అందులో తప్పులు నాటండి: ఇద్దరికి ఒకే మెయిల్ అడ్రస్, ఒకరి లాగిన్ పేరులో ఖాళీ, ఇంకొకరి పేరులో పనికిరాని గుర్తు. ఆ తర్వాత ఐడీఫిక్స్ (సింక్‌కు ముందు ఇలాంటి తప్పులు వెతికే సాధనం) నడిపి అది ఏవి పట్టిందో, ఏవి వదిలేసిందో రాసుకోండి.

క్లౌడ్ ట్రయల్ (కొద్దికాలం ఉచితంగా వాడుకునే టెనెంట్) తొందరపడి తీసుకోవద్దని చెప్పడానికి కారణముంది. ఒకప్పుడు డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరితే ఈ5 (పై స్థాయి మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సు) శాండ్‌బాక్స్, అంటే ప్రయోగాల టెనెంట్, ఎవరికైనా ఉచితంగా వచ్చేది. 2024 నుంచి అది విజువల్ స్టూడియో సబ్‌స్క్రిప్షన్ లాంటి అర్హతలు ఉన్నవారికే పరిమితమైంది. మామూలుగా మనకు మిగిలింది 25 లైసెన్సుల ఈ5 ట్రయల్, అదీ ఒక్క నెల. కార్డు వివరాలు అడుగుతుంది కాబట్టి తీసుకున్న రోజే బిల్లింగ్ పేజీకి వెళ్లి ఆటోమేటిక్ రెన్యూవల్ ఆపేయండి. ఆఫీస్ టెనెంట్‌లో మాత్రం ప్రయోగాలు చేయొద్దు. అక్కడ ఒక్క కండిషనల్ యాక్సెస్ పాలసీ (ఎవరు, ఎక్కడి నుంచి, ఏ షరతుతో లాగిన్ కావచ్చో చెప్పే నియమం) తప్పుగా పెడితే వందల మంది బయటే నిలబడతారు.

నాలుగో వారంలో ట్రయల్ మొదలుపెట్టగానే చేయాల్సిన మొదటి పని చాలామంది ఆఖర్లో చేస్తారు. అది ప్యూర్‌వ్యూ. సెన్సిటివిటీ లేబుల్ (ఫైల్ ఎంత రహస్యమో చెప్పే ముద్ర) పబ్లిష్ చేస్తే యూజర్లకు కనిపించడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. రిటెన్షన్ పాలసీ (ఫైళ్లు ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు తీసేయాలో చెప్పే నియమం) అమల్లోకి రావడానికి 7 రోజుల దాకా పడుతుంది. ట్రయల్ చివరి వారంలో ఇవి పెట్టుకుంటే ఫలితం కంటపడకముందే గడువు తీరిపోతుంది. అందుకే మొదటి రోజే మూడు లేబుళ్లు, రెండు రిటెన్షన్ పాలసీలు, సిమ్యులేషన్ మోడ్‌లో (ఏదీ ఆపకుండా పరీక్షించే పద్ధతి) ఒక డీఎల్‌పీ పాలసీ (రహస్య డేటా బయటికి పోకుండా చూసేది) పెట్టేసి, మిగతా పనులకు వెళ్లండి.

ఇక ఐడెంటిటీ. డాట్ లోకల్ డొమైన్‌ను అలాగే సింక్ చేయండి. యూజర్లు క్లౌడ్‌లోకి వస్తారు గానీ లాగిన్ పేరు చివర మీ డొమైన్ ఉండదు, ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ ఉంటుంది. బయట ఇంటర్నెట్‌లో లేని, టెనెంట్‌లో వెరిఫై కాని సఫిక్స్‌ను (లాగిన్ పేరులో @ తర్వాతి భాగం) ఎంట్రా ఒప్పుకోదు. దీన్ని బాగుచేసే వరుసే పరీక్షలో అడిగేది. చవకగా దొరికే ఒక డొమైన్ కొని, టీఎక్స్‌టీ రికార్డుతో (డొమైన్ మీదేనని చూపే డీఎన్ఎస్ నమోదు) టెనెంట్‌లో వెరిఫై చేయండి. తర్వాత సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ డొమైన్స్ అండ్ ట్రస్ట్స్ తెరిచి, పైన ఉన్న మూల పేరు ప్రాపర్టీస్‌లో కొత్త సఫిక్స్ చేర్చండి. యూజర్ల లాగిన్ పేరు ఆ సఫిక్స్‌కు మార్చి, డెల్టా సింక్ (మారినవి మాత్రమే పంపేది) నడపండి. సింక్ తనంతట తాను 30 నిమిషాలకోసారి నడుస్తుంది, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని గుర్తుగా మార్చిన రూపం) మాత్రం సుమారు 2 నిమిషాలకోసారి వెళ్తాయి. డొమైన్ వెరిఫై చేయకుండా సఫిక్స్ ఒక్కటే మారిస్తే మళ్లీ ఆన్‌మైక్రోసాఫ్టే వస్తుంది. మీరు నాటిన డూప్లికేట్ అడ్రస్ సంగతి కూడా చూడండి. రెండో యూజర్ సింక్ ఆగదు, ఆ అడ్రస్ ఒక్కటే పక్కనపెట్టి మిగతా వివరాలతో యూజర్‌ను తయారుచేస్తుంది. ఈ తేడా తెలియకపోతే "యూజర్ వస్తాడా, రాడా" అన్న ప్రశ్నలో తప్పుతారు.

అదే ల్యాబ్‌లో ఇంకో ప్రయోగం తప్పకుండా చేయండి. పొరపాటున జరిగే డిలీట్లను ఆపడానికి ఎంట్రా కనెక్ట్‌లో ఒక హద్దు ఉంటుంది, మామూలుగా అది 500. ముప్పై మందితో అది ఎప్పటికీ తగలదు కాబట్టి పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసే సాధనం) దాన్ని 5కి తగ్గించండి. పది మంది ఉన్న ఓయూని (డైరెక్టరీలో యూజర్లను పెట్టే ఫోల్డర్ లాంటిది) సింక్ పరిధిలోంచి తీసేయండి. ఎక్స్‌పోర్ట్ ఆగిపోతుంది, ఆ ఎర్రర్ ఎలా ఉంటుందో కళ్లారా చూడండి. తర్వాత హద్దు తాత్కాలికంగా తీసేసి మళ్లీ నడిపితే ఆ పది మంది క్లౌడ్‌లో డిలీటెడ్ యూజర్లలోకి వెళ్తారు. అక్కడ 30 రోజులు ఉంటారు. ఓయూని తిరిగి పరిధిలోకి తెస్తే తర్వాతి సింక్‌లో వెనక్కి వస్తారు. ఇదంతా కలిపి రెండు గంటల పని. నాలుగైదు రకాల ప్రశ్నలకు ఇదే జవాబు.

లాగిన్ పద్ధతిలో పాస్‌వర్డ్ హ్యాష్ సింక్‌కూ పాస్-త్రూకూ (పాస్‌వర్డ్‌ను అప్పటికప్పుడు ఆఫీస్ సర్వర్ దగ్గరే సరిచూసే పద్ధతి) తేడాను షరతుల రూపంలో గుర్తుంచుకోండి. ఆఫీస్ ఇంటర్నెట్ లైన్ పోయినా క్లౌడ్ లాగిన్ నడవాలంటే హ్యాష్ సింక్. లీకైన పాస్‌వర్డ్‌లు పట్టుకోవాలన్నా అదే. లోపలి డైరెక్టరీలో పెట్టిన లాగిన్ వేళలు క్లౌడ్‌లోనూ పాటించాలంటే పాస్-త్రూ. పాస్‌వర్డ్ ఏ రూపంలోనూ క్లౌడ్‌లో నిల్వ ఉండకూడదంటే పాస్-త్రూ లేదా ఫెడరేషన్ (లాగిన్ పనిని సంస్థ సొంత సర్వర్‌కే అప్పగించడం). స్టేజింగ్ మోడ్‌లో (అవసరమైతే వాడేందుకు సిద్ధంగా) ఉన్న ఎంట్రా కనెక్ట్ సర్వర్ చదువుతుందే గానీ బయటికి ఏదీ రాయదు, పాస్‌వర్డ్ హ్యాష్‌లూ పంపదు. ఒక టెనెంట్‌కు పనిచేసే ఎంట్రా కనెక్ట్ సర్వర్ ఒకటే ఉండాలి.

రోల్స్ విషయంలో మీ సర్వీస్ డెస్క్ అనుభవం ఒక్కోసారి అడ్డం వస్తుంది. చాలా ఆఫీసుల్లో కావాల్సినదానికంటే పెద్ద రోల్ ఇచ్చేస్తారు, అదే మామూలనిపిస్తుంది. ఒక ప్రశ్న ఊహించుకోండి. రాధిక సాధారణ యూజర్ల పాస్‌వర్డ్ రీసెట్ చేయాలి, ఫోన్ మార్చినవాళ్ల ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో ధ్రువీకరణ) మళ్లీ నమోదు చేయించాలి, అంతకుమించి ఏమీ చేయకూడదు. హెల్ప్‌డెస్క్ అడ్మిన్ పాస్‌వర్డ్ వరకే సరిపోతుంది, ఎంఎఫ్ఏ పద్ధతులు ముట్టుకోలేదు. యూజర్ అడ్మిన్ యూజర్లను చేయగలదు, తీసేయగలదు, కానీ ఎంఎఫ్ఏ పని దానికీ రాదు. జవాబు అథెంటికేషన్ అడ్మిన్. ఇదే పని గ్లోబల్ అడ్మిన్ల ఖాతాల మీద కూడా చేయాలంటే ప్రివిలేజ్డ్ అథెంటికేషన్ అడ్మిన్ కావాలి. లైసెన్సులు ఇవ్వడం ఒక్కటే అడిగితే లైసెన్స్ అడ్మిన్, లైసెన్సుతో పాటు పాస్‌వర్డ్ కూడా అడిగి ఒకే రోల్ ఎంచుకోమంటే యూజర్ అడ్మిన్. ల్యాబ్‌లో ఒక్కో రోల్‌కు ఒక్కో యూజర్‌ను చేసి, వేరే బ్రౌజర్ ప్రొఫైల్‌లో లాగిన్ అయి, ఏ బటన్ మసకబారి ఉందో చూడండి. ఆ మసక బటన్లే మీకు పాఠాలు.

అడ్మినిస్ట్రేటివ్ యూనిట్లలో (అడ్మిన్ అధికారాన్ని కొందరు యూజర్లకే పరిమితం చేసే విభాగాలు) ఒక ఉచ్చు ఉంది. యూనిట్‌లోకి ఒక గ్రూప్‌ను చేర్చారు, ఆ యూనిట్ మీద ఒకరికి యూజర్ అడ్మిన్ ఇచ్చారు. ఆ గ్రూప్‌లోని సభ్యుల పాస్‌వర్డ్ ఆయన రీసెట్ చేయగలడా? చేయలేడు. యూనిట్‌లోకి వచ్చింది గ్రూప్ మాత్రమే, సభ్యులు రాలేదు. సభ్యులను విడిగా చేర్చాలి. గ్రూప్ ద్వారా లైసెన్సులు ఇవ్వడంలో కూడా ఇలాంటిదే ఉంది. గ్రూప్ లోపల గ్రూప్ ఉంటే లోపలివారికి లైసెన్సు అందదు. యూజర్‌కు యూసేజ్ లొకేషన్ (వాడే దేశం) లేకపోతే నేరుగా లైసెన్సు ఇవ్వడం కుదరదు, మన యూజర్లకైతే అక్కడ ఇండియా పెట్టి మొదలుపెట్టాలి.

లైసెన్సులకు ఒకే కాగితం మీద పట్టిక రాసుకుని గోడకు అతికించండి. కండిషనల్ యాక్సెస్, డైనమిక్ గ్రూపులు, లోపలి డైరెక్టరీకి పాస్‌వర్డ్ రైట్‌బ్యాక్‌కు (క్లౌడ్‌లో మార్చిన పాస్‌వర్డ్‌ను తిరిగి రాయడం) ఎంట్రా పీ1 లైసెన్సు. పిమ్ (అడ్మిన్ రోల్‌ను అవసరమైనంతసేపే ఇవ్వడం), రిస్క్ ఆధారిత పాలసీలకు పీ2. మైక్రోసాఫ్ట్ 365 ఈ3లో పీ1, ఈ5లో పీ2. బిజినెస్ ప్రీమియంలో పీ1, డిఫెండర్ ఫర్ ఆఫీస్ ప్లాన్ 1 ఉంటాయి, కానీ 300 మందికి మించి ఇవ్వలేరు. సేఫ్ లింక్స్, సేఫ్ అటాచ్‌మెంట్స్ (మెయిల్‌లోని లింకులు, ఫైళ్లు తనిఖీ చేసేవి) ప్లాన్ 1లోనే వస్తాయి. థ్రెట్ ఎక్స్‌ప్లోరర్, అటాక్ సిమ్యులేషన్, ఆటోమేటిక్ దర్యాప్తు కావాలంటే ప్లాన్ 2. ఖర్చు తగ్గించాలన్న మాట ప్రశ్నలో కనిపిస్తే వెంటనే ఈ కాగితం గుర్తురావాలి.

కండిషనల్ యాక్సెస్ మొదలుపెట్టే ముందు సెక్యూరిటీ డిఫాల్ట్స్ (మైక్రోసాఫ్ట్ ముందే పెట్టే ప్రాథమిక రక్షణ) ఆపాలి, రెండూ కలిసి నడవవు. అంతకంటే ముందు రెండు ఎమర్జెన్సీ గ్లోబల్ అడ్మిన్ ఖాతాలు, సింక్ కానివి, ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరుతో పెట్టి వాటిని పాలసీల నుంచి మినహాయించండి. పాత నోట్సులో ఆ ఖాతాలకు ఎంఎఫ్ఏ వద్దని ఉంటుంది, అది ఇప్పుడు చెల్లదు. మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌కు 2025 ఫిబ్రవరి నుంచి ఎంఎఫ్ఏ తప్పనిసరి చేస్తూ వచ్చారు, అందుకే వాటికి పాస్‌కీ లాంటిది ఇవ్వాలి. పాలసీలన్నీ ఒకేసారి వర్తిస్తాయి, వరుస సంఖ్య అంటూ ఏమీ లేదు. ఒకటి ఎంఎఫ్ఏ అడిగి, ఇంకొకటి విదేశాల నుంచి బ్లాక్ చేస్తే, దుబాయ్ నుంచి ఎంఎఫ్ఏ పూర్తిచేసిన ఉద్యోగి కూడా లోపలికి రాలేడు. ఒకే పాలసీలో చేర్చిన గ్రూప్‌లోనూ మినహాయించిన గ్రూప్‌లోనూ ఉంటే మినహాయింపే గెలుస్తుంది. వాట్ ఇఫ్ (ఏ పాలసీ వర్తిస్తుందో ముందే చూపే) సాధనంలో ఇలాంటి పదిహేను కలయికలు వేసి, జవాబు ముందు కాగితం మీద రాసి, తర్వాత చూసి పోల్చుకోండి.

డిఫెండర్‌లో ఇలాంటి నియమం వేరుగా ఉంటుంది, ఇక్కడే చాలామంది రెండింటినీ కలిపేస్తారు. మెయిల్ రక్షణ పాలసీలు ఒకదానితో ఒకటి కలవవు. మొదట తగిలిన పాలసీ దగ్గరే ఆగిపోతుంది. స్ట్రిక్ట్ ప్రీసెట్ (మైక్రోసాఫ్ట్ సిద్ధం చేసి ఇచ్చే కఠినమైన పాలసీ) అన్నిటికంటే ముందు, తర్వాత స్టాండర్డ్, ఆ తర్వాత మీరు చేసిన కస్టమ్ పాలసీలు, చివరికి డిఫాల్ట్. స్టాండర్డ్‌లో ఉన్న యూజర్‌కు ఎంత జాగ్రత్తగా కస్టమ్ పాలసీ రాసినా అది పనిచేయదు. మెయిల్ డీఎన్ఎస్ (డొమైన్‌కు పెట్టే మెయిల్ రికార్డులు) పనులు మీరు కొన్న డొమైన్‌తో సొంతంగా చేయండి. ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) డొమైన్‌కు ఒకటే ఉండాలి, రెండోది పెడితే రెండూ చెడతాయి. అందులో డీఎన్ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదు. డీకిమ్‌కు (మెయిల్ మీద పెట్టే డిజిటల్ సంతకం) రెండు సీనేమ్ రికార్డులు ముందు పెట్టాలి, అవి కనిపించాకే పోర్టల్‌లో ఆన్ చేయాలి. ఎండ్‌పాయింట్ (కంప్యూటర్ల రక్షణ) భాగంలో ఆన్‌బోర్డింగ్ (మెషీన్లను చేర్చే) పద్ధతులు చదివితే చాలు, లోకల్ స్క్రిప్ట్ 10 మెషీన్ల వరకే అన్నది గుర్తుంచుకోండి.

ప్యూర్‌వ్యూలో రిటెన్షన్ ఒక్కటి బాగా పట్టుకుంటే సగం పని అయినట్టే. ఒక ఫైల్ మీద 4 ఏళ్లకు డిలీట్ చేయమనే సైట్ పాలసీ ఉంది, 7 ఏళ్లు ఉంచమనే లేబుల్ కూడా ఉంది. ఉంచడం ఎప్పుడూ డిలీట్ మీద నెగ్గుతుంది కాబట్టి ఫైల్ 7 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఆగి ఉన్న డిలీట్ అప్పుడు జరుగుతుంది. ఉంచేవి రెండుంటే ఎక్కువ కాలం ఉంచేది గెలుస్తుంది. రెండూ డిలీటే అయితే ముందు లేబుల్, తర్వాత కొన్ని సైట్లకే పెట్టిన పాలసీ, తర్వాత అందరికీ పెట్టిన పాలసీ. అన్నీ ఒకే స్థాయి అయితే త్వరగా తీసేసేది. ఈ క్రమాన్ని కంఠస్థం చేయడంకంటే, నాలుగేసి పాలసీలతో పది ఉదాహరణలు మీరే తయారుచేసి జవాబు రాయడం మేలు. ఆడిట్ లాగ్ (ఎవరు ఏం చేశారో రాసుకునే చిట్టా) మామూలుగా 180 రోజులు, ఈ5తో ముఖ్యమైన సేవలకు ఏడాది.

పవర్‌షెల్‌లో స్క్రిప్టులు రాయించరు, చూసి గుర్తుపట్టాలి, ఖాళీలు పూరించాలి. గ్రాఫ్ మాడ్యూల్ (పవర్‌షెల్‌కు జోడించే ఆదేశాల మూట) ఒక్కటే చదవండి. ఎంఎస్ఆన్‌లైన్, అజూర్ఏడీ అనే పాత మాడ్యూళ్లను విరమించారు, వాటితో నేర్పే వీడియో దొరికితే ఆ కోర్సు మొత్తం పాతదని గుర్తించి పక్కన పెట్టండి.

చివరి రెండు వారాలకు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లోని ఉచిత ప్రాక్టీస్ అసెస్‌మెంట్ చాలు. తప్పిన ప్రతి ప్రశ్నకు "మిగతా మూడు జవాబులు ఎందుకు కావు" అని ఒక్కో వాక్యం రాయండి. అమీర్‌పేటలో చేతులు మారే డంపులు (లీకైన ప్రశ్నల కట్టలు), టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు ముట్టుకోవద్దు. వాటిలో తప్పు జవాబులు, పాత పేర్లు నిండి ఉంటాయి. పైగా అది నియమాల ఉల్లంఘన, పట్టుబడితే పాసైన సర్టిఫికెట్లు కూడా పోవచ్చు.

పరీక్షకు 100 నిమిషాలు. పరీక్ష తెలుగులో లేదు కాబట్టి, మీ ఇష్టభాష దొరకనందుకు అదనంగా 30 నిమిషాలు అడగవచ్చు. స్లాట్ బుక్ చేయకముందే అకామడేషన్ (ప్రత్యేక వెసులుబాటు) కింద దరఖాస్తు పెట్టాలి, బుక్ చేశాక పెడితే ఆ బుకింగ్‌కు వర్తించదు. కేస్ స్టడీ ఒకసారి ముగిస్తే వెనక్కి వెళ్లలేరు. "ఈ పరిష్కారం లక్ష్యాన్ని చేరుతుందా" అని వరుసగా వచ్చే అవును-కాదు ప్రశ్నలూ అంతే. మధ్యలో విరామం తీసుకుంటే అప్పటిదాకా చూసిన ప్రశ్నలన్నీ మూసుకుపోతాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఖాళీ వదలొద్దు. పరీక్షలోనే మైక్రోసాఫ్ట్ లెర్న్ తెరవవచ్చు, గడియారం మాత్రం ఆగదు. అందుకే దాన్ని నాలుగైదు ప్రశ్నలకు దాచుకోండి. రోల్స్ పేజీ, రిటెన్షన్ పేజీ ఏ మాటతో వెతికితే మొదటి ఫలితంగా వస్తాయో ఇంట్లోనే చూసుకుని వెళ్లండి. ఇంటి నుంచి రాస్తే ఆఫీస్ ల్యాప్‌టాప్ వాడకండి, వీపీఎన్, భద్రతా సాఫ్ట్‌వేర్ వల్ల పరీక్ష యాప్ ఆగిపోవడం మామూలే. కరెంటు, నెట్ మీద నమ్మకం లేకపోతే సెంటర్‌కు వెళ్లడమే మంచిది.

తెలుగువాళ్లకు పేరు దగ్గర ఒక చిక్కు ఉంటుంది. లెర్న్ ప్రొఫైల్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు. మీరు చూపించబోయే గుర్తింపు పత్రంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ప్రొఫైల్‌లో పెట్టండి, అదీ బుకింగ్‌కు ముందే.

పాసయ్యాక చేతికి సర్టిఫికెట్ రావాలంటే ఈ ఒక్క పరీక్ష చాలదు. ఎండీ-102 (పరికరాల నిర్వహణ), ఎస్‌సీ-300 (ఐడెంటిటీ), ఎంఎస్-700 (టీమ్స్) లాంటి పరీక్షతో వచ్చే అసోసియేట్ సర్టిఫికెట్ ఒకటి ఉండాలి, ముందు ఏది రాసినా ఫరవాలేదు. ఐడెంటిటీ మీద ఇంత శ్రమపెడతారు కాబట్టి మీకు ఎస్‌సీ-300 దగ్గరి దారి. ఈసారి కూడా తప్పితే తర్వాతి ప్రయత్నానికి 14 రోజులు ఆగాలి, ఏడాదికి ఐదు ప్రయత్నాలే. సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. గడువుకు ఆరు నెలల ముందు నుంచి ఇంట్లోనే ఉచితంగా రెన్యూవల్ పరీక్ష రాయవచ్చు, గడువు దాటితే మళ్లీ మొదటినుంచి. ఆ రెన్యూవల్ మెయిల్ మీకు చేరాలంటే ప్రొఫైల్ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా మీద ఉండాలి. ఆఫీస్ ఖాతాతో ఇప్పటికే రాసి ఉంటే ఉద్యోగం మారేలోపే లెర్న్ సెట్టింగ్స్‌లో సొంత ఖాతాను కలపండి.